విశాఖపట్నం నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. మేమిద్దరం మూడుసార్లు వెళ్ళొచ్చాం. అప్పటినుంచి ఎంవీపీ కాలనీలో మా వీధిలో ఎవరి పిల్లలు టికెట్లు పంపినా ముందు మా ఇంటికే వస్తున్నారు. అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ గొంతు పోయి, చివరికి ఇలా రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ అనుమానం ఎక్కడుందో అక్కడ చదువుకుంటే చాలు. విమానాల వేళలూ దారులూ మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున మరోసారి సరిచూసుకోండి.

## దూరం లెక్క

ఫోన్లో 14,400 కిలోమీటర్లు అని చూపిస్తోంది. నిజంగా అంత దూరమా?

నిజమే. భూగోళం మీద విశాఖ దగ్గర దారం ఒక కొస పట్టుకుని, డాలస్ దాకా బిగుతుగా లాగితే వచ్చే పొడవు అది. మైళ్ళలో దాదాపు 8,950. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, అంటే అందులో మూడో వంతు కంటే ఎక్కువే. కానీ ఆ దారం వెంట ఏ విమానమూ మిమ్మల్ని తీసుకెళ్ళదు. హైదరాబాద్, దోహా మీదుగా వెళ్తే మొత్తం దారి సుమారు 16,100 కిలోమీటర్లు అవుతుంది: విశాఖ నుంచి హైదరాబాద్ 510, అక్కడినుంచి దోహా 2,900, దోహా నుంచి డాలస్ 12,700 చొప్పున. దుబాయ్ మీదుగా వెళ్ళినా మొత్తం 16,000 దగ్గరే తేలుతుంది.

డాలస్ మనకి తూర్పునుందా, పడమరనుందా?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు: ఉత్తరాన!

విశాఖ విమానాశ్రయం రేఖాంశం తూర్పుకి 83.2 డిగ్రీలు. డాలస్ విమానాశ్రయానిది పడమరకి 97 డిగ్రీలు. రెండూ కలిపితే 180 పైన ఓ చిన్న ముక్క, అంటే భూగోళానికి సరిగ్గా అటూ ఇటూ. అందుకే రెంటికీ మధ్య అతి దగ్గరి దారి తూర్పుకీ పోదు, పడమరకీ పోదు. తిన్నగా ఉత్తరానికి ఎక్కి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు తాకుతూ అవతలి వైపు దిగుతుంది. విశాఖ నుంచి ధ్రువానికి 8,040 కిలోమీటర్లు, ధ్రువం నుంచి డాలస్‌కి 6,360. రెండూ కూడితే ఆ 14,400 వస్తుంది, ఏడో తరగతి పిల్లాడైనా కట్టగలిగే లెక్క.

ఆ గీత మీద ఏ ఊళ్ళున్నాయో చూస్తే ఇంకా సరదా. మన వైపు కాశీ, లుంబినీ, ధవళగిరి శిఖరం, సైబీరియాలోని నోవోసిబిర్స్క్ ఆ గీతకి దగ్గరలోనే ఉన్నాయి. అవతల దిగేటప్పుడు కెనడాలో విన్నిపెగ్, అమెరికాలో ఓక్లహోమా సిటీ వస్తాయి. సింహాచలం కొండ మీద ఉత్తరానికి తిరిగి నిలబడితే డాలస్ మీ ముక్కుకి సూటిగా ఉన్నట్టే. మా మనవడికి ఈ సంగతి చెబితే, "అయితే మీరు శాంటాక్లాజ్ ఇంటి మీదుగా రావాలి కదా తాతా" అన్నాడు.

మరి విమానాలు ఆ దారిలోనే ఎందుకు వెళ్ళవు?

మొదటి అడ్డు హిమాలయాలు, వాటి వెనక టిబెట్ పీఠభూమి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే 10,000 అడుగుల ఎత్తుకి దించాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్లు, అంటే 14,000 అడుగుల పైన. దిగడానికి చోటేదీ? అందుకే అక్కడ విమానాల దారులు తక్కువ. తర్వాత రష్యా. 2022 నుంచి అమెరికా, యూరప్ విమాన సంస్థలకు ఆ దేశపు ఆకాశం మూసి ఉంది. ఇవన్నీ పక్కన పెట్టినా, విశాఖ నుంచి డాలస్‌కి రోజూ మూడొందల మంది ఎక్కాలి కదా. గల్ఫ్‌లోనో యూరప్‌లోనో పది ఊళ్ళవాళ్ళని ఒకచోట పోగుచేసి తీసుకెళ్తేనే విమాన సంస్థలకి గిట్టుబాటు.

14,400 కిలోమీటర్లు ఆగకుండా ఎగరగల విమానాలు అసలున్నాయా?

ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైన ఆగకుండా వెళ్ళే విమానం ఉంది, పద్దెనిమిది గంటలు దాటి పడుతుంది. గంటకి 900 కిలోమీటర్ల వేగం వేసుకుంటే విశాఖ నుంచి డాలస్‌కి పదహారు గంటలు చాలు. ప్రస్తుతానికి అది కాగితం మీది లెక్క.

## టికెట్ కొనే ముందు

మొత్తం ఎన్ని గంటలు పడుతుంది? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి లెక్క వాళ్ళది. గాలిలో ఉండేది సుమారు 22 గంటలు: హైదరాబాద్‌కి గంటా పావు, అక్కడినుంచి దోహాకి నాలుగున్నర, దోహా నుంచి డాలస్‌కి పదహారు. మధ్యలో ఆగే సమయం కూడా కలిపితే 28 నుంచి 36 గంటలు. మీ ఇంటి తాళం వేసిన క్షణం నుంచి మీ పిల్లల ఇంటి బెల్లు కొట్టేదాకా అయితే ఇంకో ఆరేడు గంటలు కలుపుకోండి. నన్నడిగితే పనికొచ్చే అంకె ఆ చివరిదే. విమానం టికెట్ మీద అది ఎక్కడా ఉండదు.

దూరం తక్కువున్న రూటు తీసుకుంటే త్వరగా చేరతామా?

అలా ఏమీ లేదు. దారిలో వెయ్యి కిలోమీటర్లు తగ్గితే మిగిలేది గంట పైచిలుకు. లేఓవర్, అంటే విమానం మారే చోట ఆగే సమయం, మూడు గంటలా తొమ్మిది గంటలా అన్న తేడాతో ఆరు గంటలు పోతాయి. కాబట్టి మ్యాపు చూడటం మానేసి, "మొత్తం ప్రయాణ సమయం" అన్న చోట ఏముందో చూడండి. ఓసారి మా వియ్యంకుడు దగ్గరి దారని ఒక టికెట్ ఎంచుకుని, మధ్యలో పదకొండు గంటలు కుర్చీలో కునికిపాట్లు పడ్డాడు.

హైదరాబాద్ మీదుగానా, ఢిల్లీ మీదుగానా, ఏది మంచిది?

పెద్దవాళ్ళకైతే నేను హైదరాబాదే చెబుతాను. విశాఖ నుంచి ఢిల్లీ 1,360 కిలోమీటర్లు, రెండుంబావు గంటలకి తక్కువ కాదు. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి పొగమంచుకి విమానాలు ఆలస్యమవుతాయి. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు రెండూ ఒకే టెర్మినల్ కాబట్టి పరుగులుండవు, ఏదైనా అయితే తెలుగులో అడగొచ్చు. అక్కడినుంచి దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ నాలుగింటికీ విమానాలున్నాయి, ఆ నాలుగు ఊళ్ళ నుంచీ డాలస్‌కి నేరుగా విమానముంది.

ఢిల్లీ నుంచి మన దేశపు విమానంలో వెళ్దామంటే ఒక మెలిక: 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకి తన ఆకాశం మూసేశాక ఆ దారులు చుట్టు తిరిగాయి. కొన్ని మధ్యలో ఆగి ఇంధనం కూడా పోసుకోవలసి వచ్చింది. టికెట్‌లో "స్టాప్" అన్న మాట ఉందేమో చూసుకోండి.

విశాఖ–హైదరాబాద్ టికెట్ విడిగా కొంటే రెండు వేలు తగ్గుతోంది. కొనేయమంటారా?

వద్దండీ, దయచేసి వద్దు. మా రెండో ప్రయాణంలో మేం చేసిన తప్పు అదే. విశాఖలో ఎక్కవలసిన విమానం మూడు గంటలు ఆలస్యమైంది. మేం శంషాబాద్‌లో దిగేసరికి పెద్ద విమానం కౌంటర్ మూసేశారు. చిన్న విమానం వాళ్ళు "మీ తర్వాతి టికెట్‌తో మాకు సంబంధం లేదు" అన్నారు, పెద్ద విమానం వాళ్ళు "మీరు రాలేదు, మేమేం చేస్తాం" అన్నారు. రూలు ప్రకారం ఇద్దరూ సరిగ్గానే మాట్లాడారు, అదే ఇంకా మండింది. ఆ రాత్రి మా ఆవిడ పచ్చళ్ళ సంచీ తలకింద పెట్టుకుని కుర్చీల మీద పడుకుంది. మర్నాటి టికెట్‌కి పెట్టిన డబ్బుతో విశాఖ–హైదరాబాద్ ఇరవైసార్లు తిరగొచ్చు.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే, మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళది. లగేజీ బరువు సంగతీ అంతే. అమెరికా టికెట్ మీద చాలావరకు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. విడిగా కొన్న దేశీయ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. ఆ తేడాకి విశాఖ కౌంటర్‌లోనే డబ్బు కట్టాలి.

హైదరాబాద్ దాకా రైల్లో వెళ్తే నయం కాదా?

లగేజీ ఎక్కువుంటే నయమే. రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు, వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, గోదావరిలో ఒక రాత్రి. కానీ సికింద్రాబాద్‌లో దిగాక శంషాబాద్‌కి రోడ్డు మీద గంట, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. ముందురోజే చేరి చుట్టాలింట్లో పడుకునేవాళ్ళకి ఇది బాగుంటుంది. అదే రోజు విమానం పెట్టుకుంటే మాత్రం టెన్షన్.

లేఓవర్ ఎంతుంటే మంచిది?

హైదరాబాద్‌లో ఇమిగ్రేషన్ ఉంటుంది కాబట్టి నాలుగు గంటలు. దోహా, దుబాయ్‌లలో రెండున్నర నుంచి నాలుగు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అంతకంటే తక్కువ తీసుకోవద్దు. ఆరు దాటితే నడుం అరుస్తుంది.

వీల్‌చెయిర్ అడిగితే బాగుంటుందా? నేను నడవగలను మరి.

అడగండి, సిగ్గు పడొద్దు. డబ్బేమీ తీసుకోరు, టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. ఇంగ్లీషు రాని అమ్మలకి అది కాళ్ళ కంటే నోటికే ఎక్కువ సాయం: తోసే మనిషే అన్ని కౌంటర్లూ దాటిస్తాడు.

## బయల్దేరే రోజు

సోమవారం సాయంత్రం ఎక్కితే ఏ రోజు దిగుతాం?

వేసవి లెక్క చెబుతాను. సోమవారం సాయంత్రం 6 గంటలకి విశాఖలో విమానం కదిలింది, మొత్తం 30 గంటల ప్రయాణం అనుకోండి. మన గడియారంలో మంగళవారం అర్ధరాత్రి 12 అవుతుంది. అందులోంచి పదిన్నర గంటలు తీసేస్తే డాలస్‌లో మంగళవారం మధ్యాహ్నం 1:30. కేలండర్‌లో ఒక్క రోజే దాటినట్టు కనిపిస్తుంది, ఒంటికి మాత్రం రెండు రాత్రులు నిద్రలేనట్టు ఉంటుంది.

టైం తేడా పదిన్నర గంటలా, పదకొండున్నరా?

రెండూ. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ముందుకి జరిపిన కాలంలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. మన రాత్రి 8 గంటలకి వాళ్ళకి వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 8:30.

సూర్యుడి లెక్కలో మాత్రం తేడా సరిగ్గా పన్నెండు గంటలు. మనకి నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు డాలస్‌లో అసలైన నడిరాత్రి, కానీ వేసవిలో వాళ్ళ గడియారం ఒకటిన్నర చూపిస్తుంది. అందుకే జూన్‌లో అక్కడ సాయంత్రం ఎనిమిదిన్నర దాటినా పొద్దు గుంకదు. దీపం ఎప్పుడు పెట్టాలో తెలీక మా ఆవిడ మొదటి వారమంతా తికమక పడింది.

తుఫాను రోజుల్లో టికెట్ తీసుకోవచ్చా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాస్త ఆలోచించి తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విమానాశ్రయం టెర్మినలే దెబ్బతిని, కొన్ని రోజులు విమానాలే లేవు. ఆ నెలల్లో వెళ్ళక తప్పకపోతే వాతావరణం వార్తలు చూసుకుని, ఒకరోజు ముందే హైదరాబాద్ చేరిపోవడం మంచిది.

విశాఖలో ఎన్ని గంటల ముందు వెళ్ళాలి? ఏ విమానాశ్రయానికి?

పెట్టెలు ఎక్కువ కాబట్టి రెండున్నర గంటల ముందు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గరున్న పాత విమానాశ్రయం నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ డేగాలో భాగం. కొత్తది, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టినది, విజయనగరం జిల్లా భోగాపురంలో, ఊరికి నలభై అయిదు కిలోమీటర్ల దూరంలో. మీ టికెట్ మీద ఏ పేరుందో చూసి బయల్దేరండి. చెక్-ఇన్‌లో పెట్టెలకి కట్టే ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ అన్న అక్షరాలుంటే అవి డాలస్ దాకా వెళ్తాయి. హెచ్‌వైడీ అనే ఉంటే హైదరాబాద్‌లో తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. కౌంటర్ వదిలే ముందే అడగండి.

ఎండు కొబ్బరి పెట్టెలో పెట్టొద్దు. నూనె ఎక్కువ కాబట్టి నిప్పు భయమని 2022లో చెక్-ఇన్ సామానులో నిషేధించారు. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి.

## గాలిలో

పదహారు గంటలు కూర్చోవడం నా వల్ల అవుతుందా?

అవుతుంది, మా అక్కయ్య డెబ్భై నాలుగేళ్ళ వయసులో వెళ్ళొచ్చింది. నడవా పక్క సీటు తీసుకోండి. రెండు గంటలకోసారి లేచి వెనకదాకా నడవండి, నీళ్ళు తాగుతూ ఉండండి. ఎక్కువసేపు కాళ్ళు కదపకపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్ళు డాక్టర్‌ని కలిసే వెళ్ళాలి. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు "పొద్దున, రాత్రి" అని కాకుండా ఎన్ని గంటలకోసారి అని అడిగి రాయించుకోండి, ఎందుకంటే ఆ పొద్దున ఎప్పుడొస్తుందో గాలిలో తెలీదు. మందులూ చీటీ చేతిసంచీలో.

శనివారం ఒంటిపూట ఉంటాను. ప్రయాణం శనివారం పడింది, ఎలా?

మీ శనివారం పొడుగైపోతుంది. పడమర దేశాల వైపు వెళ్తున్నాం కాబట్టి వేసవిలో ఆ రోజు 24 గంటలకి బదులు 34 గంటల 30 నిమిషాలుంటుంది. మా పురోహితుడు గారు "బయల్దేరిన ఊరి లెక్క చూసుకోండి" అన్నారు, నాకూ అదే తేలిక అనిపించింది.

శాకాహారం దొరుకుతుందా?

ముందే చెబితే దొరుకుతుంది, కనీసం ఒకరోజు ముందు. ఎంచుకోవలసింది "ఏషియన్ వెజిటేరియన్". "హిందూ మీల్" అని ఉన్నది చూసి మనదే అనుకోకండి. అందులో గొడ్డు మాంసం ఉండదు గానీ కోడి, చేప ఉండొచ్చు. ఇది తెలీక మడికట్టుకునే పెద్దావిడ ఒకరు పదహారు గంటలు జంతికలతో గడిపారు.

కిటికీలోంచి ధ్రువం కనిపిస్తుందా?

కనిపించదు. గల్ఫ్ నుంచి వెళ్ళేవి ఎక్కువగా యూరప్ మీదుగా, ఉత్తర అట్లాంటిక్ దాటి, కెనడా మీదుగా దిగుతాయి. వేసవిలో పొద్దున్నే ఎక్కితే దారంతా పగలే. దోహాలో ఉదయం 8కి ఎక్కితే పదహారు గంటల తర్వాత డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4. సూర్యుడు మీతోపాటే పడమరకి నడుస్తుంటాడు.

దారిలో యుద్ధం వస్తే?

విమానం చుట్టు తిరుగుతుంది, లేదా వెనక్కి వస్తుంది. 2025 జూన్‌లో దోహా ఆకాశం కొన్ని గంటలు మూసినప్పుడు అదే జరిగింది. ఒకే టికెట్ మీద ఉన్నవాళ్ళకి వేరే విమానం చూపించే బాధ్యత సంస్థదే.

## డాలస్‌లో దిగాక

దిగిన వెంటనే బయటికి వచ్చేస్తామా?

గంట నుంచి రెండు గంటలు పడుతుంది. వేలిముద్రలు, ఫొటో, "ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు" అన్న రెండు ప్రశ్నలు, తర్వాత లగేజీ, కస్టమ్స్. న్యూయార్క్‌లోనో చికాగోలోనో మారేవాళ్ళకి ఇదంతా అక్కడే అవుతుంది. పెట్టెలు అక్కడే తీసుకుని మళ్ళీ అప్పగించాలి, అందుకే ఆ దారిలో లేఓవర్ ఎక్కువ ఉండాలి.

పచ్చి కరివేపాకు, పళ్ళు, మాంసంతో చేసిన పచ్చళ్ళు తేవద్దు. మిగతా తిండి వస్తువులు ఉన్నాయని అడిగినప్పుడు నిజం చెప్పేయండి. మాడుగుల హల్వా ఎప్పుడూ గొడవ లేకుండా దాటింది. దాచి దొరికితే జరిమానా, పైగా గంట ఆలస్యం.

మా అబ్బాయి ఎప్పుడు రావాలి?

విమానం దిగిన గంటన్నరకి. డీఎఫ్‌డబ్ల్యూ, అంటే డాలస్ విమానాశ్రయం, విస్తీర్ణంలో మన్‌హాటన్ ద్వీపం కంటే పెద్దది, అయిదు టెర్మినళ్ళు. విదేశీ విమానాలు ఎక్కువగా డి టెర్మినల్‌కి వస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా ఉరుముల వానలకి విమానాలు పక్క ఊళ్ళకి మళ్ళడం అక్కడ మామూలే, కంగారు పడొద్దని చెప్పండి.

ఎన్నాళ్ళకి నిద్ర సర్దుకుంటుంది?

పగలూ రాత్రీ తారుమారు అవుతాయి కాబట్టి వారం, పది రోజులు. మొదటిరోజు సాయంత్రం ఎంత నిద్రొచ్చినా తొమ్మిదిదాకా ఆపుకోండి, పొద్దున్నే ఎండలో నడవండి. రాత్రి రెండింటికి మెలకువొస్తే విశాఖకి ఫోన్ చేసుకోండి, ఇక్కడ మధ్యాహ్నమే.

## తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు తక్కువ సమయం పడుతుందంటారు, ఎందుకని?

పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. డాలస్ నుంచి దోహాకి గంటా, గంటన్నర తగ్గుతుంది, చలికాలంలో ఇంకాస్త.

శనివారం రాత్రి అక్కడ ఎక్కితే ఇక్కడ ఎప్పుడు దిగుతాం?

వేసవిలో డాలస్‌లో శనివారం రాత్రి 8 అంటే మనకి ఆదివారం ఉదయం 6:30. 28 గంటలు కలిపితే సోమవారం ఉదయం 10:30కి విశాఖ. ఆదివారం మొత్తం ఆకాశంలోనే పోతుంది. సోమవారం ఆఫీసుకి వస్తానని మాటివ్వకండి.

ఆరు నెలలు ఉండొచ్చన్నారు. ఎప్పటినుంచి లెక్క?

అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుంచి. విజిటర్ వీసా వాళ్ళకి మామూలుగా ఆరు నెలలిస్తారు. ఐ-94 అనే రికార్డులో చివరి తేదీ రాసి ఉంటుంది, వీసా మీదున్న తేదీ కాదు. దిగిన రెండోరోజే పిల్లల చేత ఆ తేదీ చూపించుకుని, దానికి కనీసం వారం ముందు తిరుగు టికెట్ ఉండేట్టు చూసుకోండి.